గాడిపొయ్యి పొగ

దాలయ్య గురువుగారిని ప్రశ్న అడగాలనుకున్నవాడు చొక్కా విప్పడానికి సిద్ధపడి రావాలి. ఆయన నోటితో జవాబు చెప్పేది తక్కువ, పని చెప్పేది ఎక్కువ. వెనకటికి ఒక కరణంగారు "మాయ అంటే ఏమిటి స్వామీ" అని అడిగితే, ఆయన చేత మఠం కప్పంతా కొత్త గడ్డి కప్పించారు. కరణంగారు కిందికి దిగాక ఆ ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. మాయ తెలిసిందో, నడుము పట్టేసిందో ఆయనకే తెలియాలి.

వంశధార ఒడ్డున ఉన్న ఆ మఠానికి, యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కూర్మారావు వచ్చాడు. మఠానికి పాత శిష్యుడే. యుద్ధంలో దొరల కొలువు చేశాడు గానీ తుపాకి ముట్టలేదు. విమానాలు పైనుంచి తీసిన ఫొటోలను భూతద్దం కింద పెట్టి ఏది కూలింది, ఏది నిలిచింది, మళ్ళీ ఎక్కడ బాంబు వెయ్యాలి అని చదివి చెప్పడం అతని పని. ఇప్పుడు పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. శత్రువు చేతిలో ఉండగా రంగూను మీద తాము వేసిన బాంబుల వల్ల అనుకున్న పని నెరవేరిందనీ, అక్కడి జనం గుండె చెదిరి లొంగిపోయారనీ అందులో రాసి ఉంది. కింద కూర్మారావు సంతకం కావాలి. పెడితే సర్వే ఆఫీసులో ఉద్యోగం. పెడదామని కలం తీసినప్పుడల్లా చెయ్యి సాగడం లేదు.

"గురువుగారూ, ఆకాశం నుంచి కొడితే ఊరు లొంగుతుందా? మేం చేసిన పని అయినట్టా, కానట్టా?" అని అడిగాడు.

గురువుగారు అతని చేతులకేసి చూశారు. "ఇవాళ మా గురువుగారి ఆరాధన. రెండొందల మందికి వంట. పెరట్లో వంట చూసే అసిరమ్మ ఉంది, వెళ్ళి గాడిపొయ్యి తవ్విపెట్టు" అన్నారు.

నేలలో పొడుగ్గా గాడి తవ్వి, దాని మీద వరసగా గుండిగలు ఎక్కిస్తే అదే గాడిపొయ్యి. చెప్పినంత సుళువు కాదు తవ్వడం. నాలుగు దెబ్బలకే కూర్మారావు అరచేతులు బొబ్బలెక్కాయి. కూరగాయలు తరుగుతున్న అసిరమ్మ చూసి చూసి ఇక ఉండలేకపోయింది.

"ఏటి బాబూ, గునపం అలాగ పట్టుకున్నావు? కలం అనుకున్నావేటి?"

"అలవాటు లేదు పెద్దమ్మా."

"నాకూ నేదులే. రంగూన్లో ఈ తవ్వుడు బాధే నేకపోయింది. విమానమోడు తవ్వీసి ఇచ్చీవోడు!" అని నవ్వింది. నవ్వుతూనే చెప్పుకొచ్చింది, కత్తిపీట మీద చెయ్యి ఆగకుండానే.

యుద్ధమయ్యాక ఇటు తిరిగి వచ్చింది గానీ, అంతకుముందు రంగూన్లో ఆవిడ ఉన్నది ఒక బియ్యం మిల్లు పక్క కూలిలైనులో. ముప్పై గదులు, అంతా మన శ్రీకాకుళం వైపువాళ్ళే. ఒక పట్టపగలు మిల్లు మీద బాంబులు పడ్డాయి. ఆ ఒక్క దెబ్బకే మిల్లు పని అయిపోయింది, మళ్ళీ తిరగలేదు. లోపల పనిలో ఉన్నవాళ్ళు లోపలే పోయారు. లైనులో గది కప్పు ఒక్కటీ చెదరలేదు, ఆవిడ గది తప్ప చావు లేని గదీ ఒక్కటీ లేదు.

"సావు జరిగిన ఇంట పొయ్యి ఎలిగించరు గదా. పక్కింటోళ్ళు ఒండి తేవాల. మరి పక్కిల్లూ సావిల్లే అయితే ఎవులు తెస్తారు? నాకు మొగుడు ముందే పోయినాడు, ఆ మిల్లులో నా మనిషి ఎవుడూ నేడు. అందుకని నేనూ, మా సెల్లి గన్నెమ్మా మిల్లు గోడవతల ఒక్క గాడిపొయ్యి పెట్టి లైనంతటికీ గంజి కాసినాం. మూడోనాడు ఆ పొయ్యి మీదే బాంబు ఏసీనాడు బాబూ! మిల్లు మీద కాదు, పొయ్యి మీద."

కూర్మారావు చేతిలో గునపం ఆగిపోయింది. ఆ ఫొటో అతనికి అరచేతిలో గీతలంత బాగా గుర్తు. కప్పులు చెదరని గదులు ముప్పై, ఒక్కదాని మీదా పొగ లేదు. మిల్లు గోడ పక్కన మాత్రం ఒకే ఒక లావుపాటి పొగ. కింద తన చేత్తోనే రాశాడు: 'కూలిలైనుకు నష్టం లేదు. మిల్లు బాయిలరు నడుస్తోంది. మళ్ళీ వెయ్యాలి.' తన తండ్రి పోయినప్పుడు పక్కింటివాళ్ళు తెచ్చిన పప్పూ అన్నం తిన్నవాడే అతను. పొయ్యి వెలగని ఇల్లంటే ఏమిటో ఎరగనివాడు కాదు. భూతద్దం చేతికి రాగానే మరిచిపోయాడు. ఛీ, ఏం చదువు!

"తరవాత?" అన్నాడు.

"తరవాతేటి? గన్నెమ్మ గంజి కాస్తంది ఆ ఏల. అది పోయింది. పొగ సూసే వస్తన్నారు, పొయ్యి పెట్టొద్దు అన్నాడు మా మేస్త్రీ. ఎలిగిస్తే బాంబుకి సస్తాం, ఎలిగించకపోతే ఆకలికి సస్తాం, తినే సద్దాం రండని నేనన్నాను. బాంబు పడిన గొయ్యే పొయ్యి సేసి, మర్నాడు అందులోనే ఒండినాను. ఇంకో రొండుసార్లు ఏసినాడు. రొండుసార్లూ ఒండినాను."

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియదు. కూర్మారావు గునపం కింద పెట్టాడు. "ఆ పొగ చూసి, మళ్ళీ వెయ్యమని రాసింది నేనే పెద్దమ్మా. ఆ బాంబులకి మీరంతా లొంగిపోయారని ఇప్పుడు పైవాళ్ళు కాగితం రాసి నా సంతకం అడుగుతున్నారు" అన్నాడు.

అసిరమ్మ లేచి వచ్చి అతని ముఖంలోకి చూసింది. ఫెళ్ళున ఒక్కటి కొట్టింది. ఆ తరవాత అక్కడే చతికిలబడి, చెల్లెలి కోసం నాలుగేళ్ళుగా ఏడవని ఏడుపు గొంతెత్తి ఏడ్చింది. కూర్మారావు కళ్ళు తుడుచుకోబోతే కసిరింది.

"ఏడుపు నాది. నీది కాదు. నువ్వు తవ్వు. రొండొందల మంది ఆకలితో వస్తారు." కొంగుతో ముఖం తుడుచుకుని, "లొంగిపోయినామని రాసీసినారా మీవోళ్ళు? రాసుకోమను!" అంది.

అతను బొబ్బలు చిట్లేదాకా తవ్వాడు. అసిరమ్మ నిప్పు వేసింది. గుండిగలు ఎక్కాయి, పొగ మఠం కప్పు దాటి ఏటి మీదికి పోయింది.

పంక్తులు కూర్చునే వేళకు కూర్మారావు ఆ కాగితం పట్టుకుని గురువుగారి దగ్గరికి వచ్చాడు. దాని అంచుల నిండా మట్టి, మసి. "దీనికింద ఏం రాయమంటారు?" అన్నాడు.

గురువుగారు పక్కకు జరిగి తన విస్తరి పక్కన చోటు చూపించారు. పెరట్లోంచి లేస్తున్న పొగకేసి తలెత్తి ఒకసారి చూశారు.

"ముందు తిను నాయనా. తిన్నాక, అసిరమ్మ పొయ్యి పొగ ఆగిందని రాయగలిగితే రాయి."