స్వామివారి తద్దినం

కందిమల్ల సంస్థానాన్ని ఏలే నరసభూపతికి ఒకనాడు భోజనం చేసి చేయి కడుక్కుంటూ ఉండగా ఉన్నట్టుండి మోక్షం కావాలనిపించింది. ఏదైనా అనిపించిందంటే ఇక ఆగే మనిషి కాదాయన.

ఆ కబురు ఎలా అందిందో గానీ, నిర్మోహానందస్వామి కాషాయాలు రెపరెపలాడించుకుంటూ కోటలో దిగాడు. మర్నాటి నుంచే రాజుకు ధ్యానం మొదలు. ముక్కు కొసమీద చూపు నిలిపి నిలిపి ఆయనకు మెల్లకన్ను వచ్చినంత పనైంది. శ్వాసను గమనించమంటే వంటశాల నుంచి వచ్చే ఉలవచారు వాసనను గమనించేవాడు.

స్వామి విసుక్కోకుండా కారణం చెప్పాడు. తప్పు రాజుగారి ముక్కుది కాదట, సింహాసనానిదట. రాజ్యభారం నెత్తిన ఉన్నంతకాలం మనసు నిలవదట. రాజముద్ర ఉంగరం తన వేలికి తొడిగి, ఏలినవారు కొండగుహకు వెళ్లిపోతే ముక్తి చేతికందినట్టేనట.

రాజు సరేనన్నాడు. మర్నాడే ముహూర్తం.

అది విని అడపం చిట్టెన్నకు గుండె జారిపోయింది. రాజుగారికి తాంబూలం చుట్టి అందించడం అతని కొలువు. తాంబూలం తామసమని స్వామి అప్పటికే అతని తమలపాకుల పెట్టెకు తాళం వేయించాడు. పెట్టె పోతే పోయింది, ఉలవచారు లేనిదే ముద్ద దిగని ఈ అమాయకుడు గుహలో ఎలా బతుకుతాడని చిట్టెన్న బెంగ. ఆయనంటే అతనికి ప్రాణం మరి.

సభ నిండింది. స్వామి వేలు చాపాడు. రాజు ఉంగరం తీశాడు. అంతలో తడిబట్టలతో, చంకలో అరిటాకుల కట్టతో, గారెల గంప మోస్తున్న వంటవాణ్ణి వెంటబెట్టుకుని చిట్టెన్న ముక్కు చీదుకుంటూ వచ్చాడు.

"తద్దినం ఎవరిదిరా?" అని రాజు కంగారుపడ్డాడు.

"స్వామివారిదే ప్రభూ."

స్వామి ముఖం కాషాయం కంటే ఎర్రబడింది. చిట్టెన్న చేతులు కట్టుకుని, సన్యాసం పుచ్చుకునేవాళ్లు ముందుగా తమకు తామే శ్రాద్ధం పెట్టుకుంటారని విన్నానని, తమరూ పెట్టుకున్నారా అని వినయంగా అడిగాడు.

"పెట్టుకోకపోతే యతినెలా అవుతానురా? గంగ ఒడ్డున నా పిండం నేనే పెట్టుకున్నాను. ఈ లోకానికి నేను ఏనాడో చచ్చినవాణ్ణి" అని స్వామి గర్వంగా గడ్డం నిమురుకున్నాడు.

చిట్టెన్న రాజు వైపు తిరిగాడు.

"పోయినవారికి గారెలు పెట్టగలం గానీ, రాజ్యం ఎలా కట్టబెడతాం ప్రభూ?"

ఎవరో కిసుక్కుమన్నారు. స్వామి ఉంగరం వైపు ఆశగా చూశాడు.

"అసలు ఆరోజు శ్రాద్ధం పూర్తి కాలేదు. మధ్యలో వానొచ్చింది" అని గొణిగాడు.

రాజు ఉంగరం మళ్లీ తన వేలికే తొడుక్కున్నాడు.

"బతికున్నవాడివైతే సన్యాసివి కావు, సన్యాసివైతే బతికి లేవు. ఏదో ఒకటి తేల్చుకుని రా, పో."

సభ ఒక్కసారిగా గొల్లుమంది. స్వామి కాషాయాలు ఎగదోపుకుని, వెనక్కి చూడకుండా కోట దాటాడు. రాజు మాత్రం కాస్త దిగులుగా, మరి నా మోక్షం సంగతేమిట్రా అన్నాడు.

"ధ్యానం ఇక్కడే చేసుకోండి ప్రభూ. కళ్లు మూసుకోవడానికి ఉంగరం అడ్డురాదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ, మెడలోని ముత్యాలహారం తీసి చిట్టెన్న మెడలో వేశాడు.

"తద్దినం తప్పింది కనుక ఆ గారెలు అందరికీ వడ్డించండి. ఈలోగా వీడి పెట్టె తాళం తీయించండి. నోరు చప్పబడి చస్తున్నాను."