మూడో క్యాను నీళ్లు

మునిరత్న గీసిన గీత దగ్గర ఎరుపు ఆగడం లేదు. నెమలి మెడలో ఉండాల్సిన రంగు పక్కనున్న తెలుపులోకి జారిపోయి, పాపం ఆ నెమలికి గవదబిళ్లలు లేచినట్టుంది.

అది మాదిరి గుడ్డ, జానెడు ముక్క. పారేసి ఇంకోటి గీసుకోవచ్చు. కానీ గోడవారగా చుట్టిపెట్టిన అసలు చాందినీ పది గజాలుంది. రెండు నెలలు నేలమీద కూర్చుని, నడుము పడిపోయేలా వంగి, వెదురు కలంతో గీసిన గుడ్డ అది. నలుపంతా అయింది, పటిక పూయడమూ అయింది, ఎరుపొక్కటే మిగిలింది. శనివారం పొద్దునకి దాన్ని గుండ్లవారిపల్లె భజన మందిరంలో దేవుడి తల మీద కట్టాలి. ఇవాళ సోమవారం.

ఆమె సొంతంగా పట్టిన మొదటి పని ఇది. ఇది చెడితే ఆ చుట్టుపక్కల రెండో పని పుట్టదు. మూట సర్దుకుని ఇంటికి పోయి, వాళ్లన్న ఫ్యాన్సీ కొట్లో గాజులు సర్దుతూ కూర్చోవాలి. ఆ మాట వాళ్లన్న ముందే అనేసి మరీ పంపాడు.

ఇక లాభం లేదని గురువుకి ఫోన్ చేసింది. "అయ్యోరా, ఎరుపు గీత దాటి పారతా ఉంది."

"అట్లనా. రేపొస్తాలే," అన్నాడు చెంగల్రాయుడు. ఏమైంది, ఎట్లయింది అని ఒక్క ముక్క అడగలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆయన తీరే అంత. స్వర్ణముఖి ఒడ్డున యాభై ఏళ్లుగా కలంకారీ వేస్తున్న మనిషి. మునిరత్న ఆయన దగ్గర ఆరేళ్లు నేర్చుకుంది. మొన్న మాఘంలో సెలవు తీసుకుంటూ కాళ్లకి దండం పెట్టి, "బయట ఎట్లా బతకాలో ఒక్క మాట చెప్పండి అయ్యోరా," అని అడిగింది. ఆయన తాను చెక్కిన కలం ఒకటి ఆమె చేతిలో పెట్టి, "పో. పోయినాక మాట్లాడుకుందాం," అన్నాడు. అంతే. ఆరేళ్లు చాకిరీ చేస్తే ఒక్క మంచి మాటకి కూడా నోచుకోలేదా అని మునిరత్న ఆ రోజంతా ముఖం మాడ్చుకుంది.

ఆయన చెప్పకపోతేనేం, తన జాగ్రత్త తనకుంది. గురువు చేసేదంతా ఎప్పటికప్పుడు నోట్సులో ఎక్కించుకుంది. కరక్కాయలెన్ని, పాలెన్ని, పటిక ఎంత, ఎర్ర వేరు ఎన్ని పిడికిళ్లు, అన్నీ. అదీ చాలదనిపించింది. గురువు ఎరుపు రావాలంటే గురువు వాడే నీళ్లే ఉండాలి కదా. ఏట్లో చెలమ తోడి, మూడు ప్లాస్టిక్ క్యాన్ల నిండా నీళ్లు పట్టి, వాటిని బస్సెక్కించింది.

"నువ్వు పొయ్యే ఊళ్లో నీళ్లు లేవా తల్లీ?" అన్నాడు కండక్టరు.

"ఉండాయి. ఇవి వేరే," అంది మునిరత్న. ఐదు గంటలూ ఆ క్యాన్లు పట్టుకునే కూర్చుంది.

గుండ్లవారిపల్లెలో మొదటి క్యాను కరక్కాయ నానబెట్టడానికి పోయింది. రెండోది మాదిరి ముక్కలకి పోయింది. మూడోదాని మూతికి గుడ్డ కట్టి దేవుడి పటం కింద పెట్టి, రోజూ రెండగరొత్తులు వెలిగిస్తోంది. పది గజాల గుడ్డని ఒక్క క్యాను నీళ్లతో ఎట్లా గట్టెక్కిస్తుందో మాత్రం ఆమెకే తెలియాలి.

మంగళవారం పది గంటల బస్సుకి చెంగల్రాయుడు దిగాడు. చేతిలో గుడ్డ సంచి, కాళ్లకి దుమ్ము. ఆయన ఇంకా చాప మీద కూర్చోకముందే మునిరత్న నెమలి ముక్క తెచ్చి ముందు పరిచింది.

ఆయన దానివైపు చూడనే లేదు. "ఈ ఊళ్లో పప్పు ఉడుకుతుందా?" అన్నాడు.

"పప్పా?"

"పప్పే."

"నేను క్యారియరు తెప్పించుకుంటా ఉండాను అయ్యోరా. తెలీదు."

"నాకూ తెలీదు. అడుగుదాం రా."

పక్కింటి హుసేనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చెంగల్రాయుడు పోయి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పరిచయాలు లేవు, పలకరింపులు లేవు, నేరుగా పప్పులోకి దిగాడు.

"యాడుడుకుతుంది సామీ," అంది హుసేనమ్మ. "మా బాయి నీళ్లల్లో పొద్దున పెడితే పొద్దుగూకినా గింజ గింజగానే ఉంటాది. పప్పుకని కొండకింద ఊటకి పోయి రెండు బిందెలు తెచ్చుకుంటాం."

"సబ్బు?"

"నురగే రాదు."

"కడవ అడుగున తెల్లగా పెచ్చు కడుతుందా?"

"కడుతుంది. ఏడాదికోసారి రాయి పెట్టి గీకుతాం."

"తాగేదానికి?"

"తాగేదానికి ఏం, అమృతం," అంది హుసేనమ్మ. ఆమె సంబరం చూడాలి. ఇన్నేళ్లలో ఆమెని నీళ్ల గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మనిషి లేడు. బావి ఎంత లోతు, ఏ నెలలో నీళ్లు కిందికి పోతాయి, వానొచ్చాక రుచి మారుతుందా, ఒకటి అడిగితే నాలుగు చెప్పింది.

మునిరత్నకి ఒళ్లు మండిపోతోంది. శనివారం నెత్తి మీదికొస్తుంటే ఈయనకి పప్పు ముచ్చట్లా అని పళ్లు నూరుకుంటూ గోడకానుకుని నిలబడింది.

గదిలోకి తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. చెంగల్రాయుడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ దేవుడి పటం వైపు చూశాడు. "అదేంది, నీళ్ల క్యానుకి అగరొత్తులు?"

"మన ఏటి చెలమ నీళ్లు అయ్యోరా. మూడు తెస్తే ఇదొక్కటి మిగిలింది. చాందినీ ఎరుపుకని దాచిపెట్టినా."

"ఓహో," అన్నాడాయన. క్యాను మూతికున్న గుడ్డ విప్పాడు. గూట్లోంచి ఇత్తడి గ్లాసు తీసి నిండా వంపుకుని గటగటా తాగాడు. మూతి తుడుచుకుని ఇంకో గ్లాసు తాగాడు. మూడో గ్లాసు పట్టుకుని బయటికి నడిచి హుసేనమ్మ చేతికిచ్చాడు.

"మా ఊరి నీళ్లు. తాగి చూడు."

హుసేనమ్మ ఒక గుక్క పుక్కిలించి మింగింది. మళ్లీ ఒక గుక్క తాగింది. మర్యాదగా ఏదైనా మంచి మాట చెబుదామని చూసినట్టుంది గానీ, ఆమె వల్ల కాలేదు. "చప్పగుండాయి సామీ. ఎట్లా తాగతారో ఏమో పాపం," అంది.

చెంగల్రాయుడు కడుపారా నవ్వాడు. "అయితే పప్పు బాగా ఉడుకుతుంది," అని లోపలికొచ్చి, ఆ క్యాను ఎత్తుకుపోయి హుసేనమ్మ పొయ్యి పక్కన పెట్టాడు. "ఇయ్యాల మా ఇద్దరికీ అన్నం నీ ఇంట్లోనే."

మునిరత్న గడప మీద కూలబడింది. కోపమొకవైపు, ఏడుపొకవైపు. "నేనేం పాపం చేసినానని అయ్యోరా?" అంది. "ఆ నీళ్లు లేకుంటే నా చాందినీ ఏం గావాల?"

ఆయన గుడ్డలారేసే తీగ దగ్గరికి పోయాడు. దాని మీద అదే నెమలి గీసిన ఇంకో మాదిరి ముక్క వేలాడుతోంది. పటిక పూసి, ఉతికి ఆరేసింది, ఇంకా వేరుతో ఉడికించనిది. ఎరుపు కావాల్సిన చోటే పటిక పూస్తారు. ఆరాక, ఎక్కువైన పటికంతా పోయేదాకా పారే నీళ్లలో ఉతుకుతారు. పోకుండా మిగిలితే ఎరుపు గీతని లెక్కచెయ్యదు. ఈ సంగతి మునిరత్నకి మొదటి ఏడాదే తెలుసు. చెంగల్రాయుడు ఆ ముక్క అంచు నాలిక్కి తగిలించుకుని ముఖం చిట్లించాడు.

"పటిక ఇంకా ఉంది. ఎన్ని నీళ్లలో ఉతికినావు?"

"రెండు చెంబులు."

"రెండు చెంబులే ఎందుకు?"

"నీళ్లయిపోతాయని..."

అంది గానీ, ఆ మాట తన చెవినే పడేసరికి మునిరత్న నోరు అక్కడే ఆగిపోయింది. ఏటి ఒడ్డున ఉన్న ఆరేళ్లలో ఏనాడూ చెంబులతో కొలిచి గుడ్డ ఉతకలేదు.

చెంగల్రాయుడు ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. "నేను బావి దాకా నడవలేను పాపా. ఈడి నీళ్లు ఎట్లుంటాయో నువ్వు చూసొచ్చి చెప్పు."

రెండు నెలలు ఆ ఊళ్లో ఉండి, సీసా నీళ్లు కొనుక్కుని తాగిందే గానీ, మునిరత్న బావి నీళ్లు నోట పోసుకోలేదు. వీధి చివర వేరుశనగ చేలో ఆ బావి. మోటారు ఆడుతోంది. లావాటి గొట్టంలోంచి నీళ్లు తొట్టిలో పడి, కాలువ కట్టి చేలోకి పోతున్నాయి. గ్లాసు పట్టి తాగింది. నాలుకకి గట్టిగా తగిలాయి. మింగాక ఎక్కడో వెనక చిన్న తీపి మిగిలింది. అది నిజమేనా, భ్రమా అని ఇంకో గ్లాసు తాగింది.

"ఎట్లుండాయి?" అన్నాడు గురువు, ఆమె రాగానే.

"బరువుగా ఉండాయి. మింగినాక తీపి."

"ఇంకా?"

"ఇంకా..." మునిరత్న తీగ వైపు చూసింది. "ఉండండి, మళ్లీ చూసొస్తా."

ఈసారి పోతూ పోతూ తీగ మీది ముక్క లాక్కుని పోయింది. కాలువలో మోకాళ్ల దాకా దిగి, ముక్కని పారే నీళ్లలో వదిలి, తిప్పి, జాడించి, మళ్లీ వదిలింది. చేతులు పీకే దాకా ఉతికింది. కాసేపటికి తను నీళ్లతో ఆడుకుంటున్నట్టు తెలిసి నవ్వొచ్చింది. ఈ ఊరొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంటి వెనక మూడు రాళ్లు పెట్టి, బావి నీళ్లతోనే కుండ ఎక్కించింది. నోట్సు తెరిచి నాలుగు పిడికిళ్ల వేరు వేసి, ఉతికిన ముక్కని అందులో దించింది. రంగు తొందరగా దిగుతోంది, తను ఎరిగిన దానికన్నా చిక్కగా. నోట్సులో చూసింది, కుండలో చూసింది, మళ్లీ నోట్సులో చూసింది. చివరికి నోట్సు మూసి పక్కన పెట్టి, కుండ మీదికి వంగి కూర్చుంది.

ఆ పూట హుసేనమ్మ ఇంట్లో పప్పు వెన్నలా ఉడికింది. రెండు నెలలు అగరొత్తులు వెలిగించి దండం పెట్టుకున్న నీళ్లతో వండిన ఆ పప్పుని మునిరత్న రెండుసార్లు వడ్డించుకుని తింది.

బుధవారం పొద్దునకి ముక్క ఆరింది. నెమలి మెడ గీతలోపలే బుద్ధిగా ఉంది. కానీ ఆ ఎరుపు గురువు ఎరుపు కాదు. ఆయనది మందారప్పువ్వు రంగు. ఇది బాగా కాలిన ఇటుక రంగు, లోపలెక్కడో నిప్పున్నట్టుంది. మందిరం పెద్ద రామచంద్రప్ప పని అప్పజెప్పేటప్పుడు చెంగల్రాయుడు వేసిన గుడ్డ ముక్క చూపించి, "ఇదే ఎరుపు కావాల," అని గట్టిగా చెప్పాడు.

దాచిపెట్టి ప్రయోజనం లేదు. ముక్క పట్టుకుని తనే మందిరానికి పోయింది. రామచంద్రప్ప కళ్లజోడు పెట్టుకుని, పాత ముక్క ఒక చేత, కొత్త ముక్క ఒక చేత పట్టుకుని ఎండలోకి నడిచాడు. మళ్లీ నీడలోకొచ్చాడు. మళ్లీ ఎండలోకి పోయాడు.

"ఈ ఎరుపు యాడిది?" అన్నాడు.

"ఈడిదే," అంది మునిరత్న. "మీ బావి నీళ్లది."

ఆయన పాత ముక్కని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొత్తది ఆమెకి తిరిగిచ్చి, "శనివారం తెల్లారేసరికి నిచ్చెన వేయిస్తా, వచ్చేయ్," అన్నాడు.

ఎలా ఇంటికొచ్చిందో ఆమెకే తెలీదు. చెంగల్రాయుడు సంచి సర్దుకుని గడప మీద కూర్చున్నాడు, పదకొండు గంటల బస్సుకి. "ఏదీ, ఇట్లా తే," అని ముక్క అందుకున్నాడు. వెలుతురుకి పట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. గోటితో గీకాడు, వాసన చూశాడు. డెబ్బై ఏళ్ల ముఖం కాస్తా కొత్త బొమ్మ దొరికిన పిల్లవాడి ముఖమైపోయింది.

"యాభై ఏండ్లల్లో ఈ ఎరుపు నాకొక్కసారి కూడా రాలేదు పాపా," అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, బస్సు టికెట్టు వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఎట్లా తెచ్చినావో చెప్పు. రాసుకుంటా."

మునిరత్న గబగబా నోట్సు అందుకుంది. తెరవబోయి ఆగింది. దాన్ని తిరిగి గూట్లో పెట్టేసింది. పది గజాల చాందినీ చుట్టని భుజానికెత్తుకుంది. రెండో చేత్తో ఇత్తడి గ్లాసు తీసి గురువు చేతికిచ్చింది.

"ముందు బావికాడికి పోదాం రండి అయ్యోరా. నిదానంగా నడిపిస్తా."

చెంగల్రాయుడు పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు.