బొండుగెడ్డ అరకోత వీరభద్రుడు

బొండుగెడ్డ వాగు దాటి గుట్ట మెట్లెక్కి వచ్చే భక్తులకు ఈ గర్భగుడిలో రాతి విగ్రహం కనిపించదు. నిలువెత్తు వేగిస చెట్టు దుంగ ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాన్ని పైకొస నుంచి నడుము దాకా రంపంతో కోసి ఆపేశారు. కోత ఆగినచోట తుప్పుపట్టిన పెద్ద రంపం ఇప్పటికీ ఇరుక్కునే ఉంది. దాని పక్కన కర్ర ముడిలో స్వామివారి ఉరిమి చూసే కళ్లు, మీసకట్టు స్పష్టంగా తెలుస్తాయి. ఆయనే అరకోత వీరభద్రుడు. ఆ కోపం ఎవరి మీదో తెలుసుకోకుండా దండం పెట్టి పులిహోర తిని వెళ్లిపోయేవారు ఎక్కువయ్యారు. అందుకే ఈ చరిత్ర రాయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. తాటాకు పాకలో ఒక త్రిశూలం, పాక ముందు ఒక రథం మాత్రమే ఉండేవి. ఏటా మాఘంలో ఆ రథాన్ని గుట్ట మీది నుంచి గెడ్డ దాకా తాళ్లతో దించేవారు. ఒక ఏడు దించుతుండగా ఇరుసు విరిగింది. రథం ముగ్గురి మీద పడింది. ఆ ముగ్గురిలో కోతపని చేసే చింతోజు గవరయ్య అన్న ఒకడు. విరిగిన ఇరుసును గవరయ్య చేత్తో నలిపితే పిండిలా రాలింది. పుచ్చిన కర్రకు పైన రంగేసి దేవుడి బండికి బిగించారన్నమాట. అన్న చితి దగ్గర అతడు ఏడవలేదు, స్వామిని తిట్టాడు. "ఇంకోసారి ఈ గుట్ట మీద పుచ్చుకర్ర తిరగనివ్వను" అని ఒట్టు పెట్టుకున్నాడు.

కొత్త రథానికి కొండమీది గూడేలవారు తమ అడవిలోని అన్నిటికంటే పెద్ద వేగిస చెట్టును ఇచ్చారు. పన్నెండు జతల దున్నలు కట్టి దాన్ని లాక్కొచ్చారు. ఆరునెలలు ఆరాలని సంస్థానం దివాను జోగిరాజు తన కలపదొడ్డిలో పెట్టించాడు. ఆ ఏడే ఆయన మేడ కడుతున్నాడు. మేడ సింహద్వారానికి కూడా గట్టి కర్రే కావలసి వచ్చింది.

కోత రోజున దుంగను దొడ్డి నుంచి తెచ్చి గోతి మీద ఎక్కించారు. పాతకాలంలో కోతమిషన్లు లేవు. మనుషులే రంపం భుజాన వేసుకుని దుంగ ఉన్న చోటికి వెళ్లేవారు. దుంగ కింద గొయ్యి తవ్వి, ఒకడు దుంగ మీద నిలబడి, ఒకడు గోతిలో దిగి, ఇద్దరూ నిలువునా రంపం లాగేవారు. పైవాడు గీత చూస్తాడు. కిందివాడికి కళ్లనిండా రంపపు పొట్టే. కానీ కర్ర గుణం తెలిసేది కిందివాడికే. గోతిలో గవరయ్య, పైన అతని బావమరిది ముసలయ్య.

దుంగ చివరలు ఎండకు పగలకుండా మట్టీ పేడా కలిపి పూయడం అందరూ చేసేదే. రంపం పెట్టేముందు ఆ పూతను కడిగి, మొదలు వైపు గూటంతో కొట్టి చూడడం కోతపనివాళ్ల నియమం. ఆ రోజు అది జరగలేదు. ముసలయ్య కడవ ఎత్తబోతే దివాను నవ్వాడు.

"దేవుడి దుంగకి పరీక్షలేమిట్రా? రేపు స్వామిని కూడా గోకి చూస్తావా?"

చుట్టూ ఉన్నవాళ్లు చెంపలు వేసుకున్నారు. గవరయ్య కూడా తల దించుకుని గోతిలో దిగాడు. ఒట్టు పెట్టుకున్నవాడే దిగాడు. భక్తి పేరు చెప్పగానే బుద్ధిని గుమ్మం బయట వదిలేసే జబ్బు మనకు ఈనాటిది కాదు.

కొసవైపు నుంచి కోత మొదలైంది. మధ్యాహ్నానికి సగం దుంగ తెగింది. అప్పుడు రాలే పొట్టు రంగు మారింది. పసుపుపచ్చగా, ఘాటుగా రావలసింది నల్లగా, ముక్కవాసనతో, తడిమట్టి కలిసి పడింది. గవరయ్య రంపం వదిలేశాడు.

"ఏం బావా, చెయ్యి పట్టేసిందా?" పైనుంచి ముసలయ్య అడిగాడు.

"చెయ్యి కాదురా. కడుపు పట్టేసింది."

అందరూ తిండికి వెళ్లారు. గవరయ్య తినలేదు. గోతిలోనే గోడకు ఆనుకుని కళ్లు మూశాడు. ఆ కాసేపట్లోనే స్వామి కలలో కనిపించాడు. జడలనిండా నల్లటి పొట్టు. "మీ అన్న నా బండి కింద పోతే నన్ను తిట్టావు. ఈ రోజు నా పేరు విని కడవ దించేశావు. నేను అడిగానట్రా కడగొద్దని?" అని గద్దించాడు.

గవరయ్య లేచి నీళ్ల కడవ ఎత్తాడు. జనం తిరిగి వచ్చేసరికి దుంగ మొదలు దగ్గర నిలబడి ఉన్నాడు. అది గట్టు మీద ఎత్తులో ఉంది. అక్కడి పూత మీద నీళ్లు కుమ్మరించాడు. పేడ జారింది. దాని వెనక మనిషి దూరేటంత తొర్ర బయటపడింది. దాన్ని పుట్టమన్నుతో, చెక్కపేళ్లతో పూడ్చి ఉంచారు. పోసిన నీళ్లు తొర్రలో పారి, నడుము దగ్గర కోతలోంచి నల్లగా గోతిలోకి కారాయి.

"ఇది కొండవాళ్లిచ్చిన దుంగ కాదు" అన్నాడు గవరయ్య. "అది ఎక్కడుందో దివానుగారు చెప్పాలి."

"నోర్ముయ్! కోసి రంగేస్తే నీ తొర్ర ఎవడికి కనబడుతుందిరా?"

"మా అన్నకి కనబడిందయ్యా."

దివాను తన మనుషులను రంపం పట్టమన్నాడు. నలుగురు లాగారు, ఎనిమిదిమంది లాగారు. రంపం పైకీ రాలేదు, కిందికీ పోలేదు. రంపం చుట్టూ నీళ్లు పోసి చూస్తే, పక్కన ముడిలో రెండు కళ్లు వాళ్లకేసి ఉరిమి చూస్తున్నాయి. దివాను మనుషులు రంపం వదిలేసి పరుగెత్తారు. కోత చూడడానికి వచ్చిన కొండవాళ్లు మాత్రం పారిపోలేదు, దివాను మేడ వైపు నడిచారు. సింహద్వారానికి అప్పుడే బిగించిన వేగిస తలుపులు, గడపలు, దూలాలు ఊడదీసి భుజాన వేసుకుని తెచ్చారు. రథం వాటితోనే తయారైంది. సగం తెగిన దుంగను రంపంతో సహా నిలబెట్టి, దాని చుట్టూ ఈ గుడి కట్టారు. దివాను మేడకు తలుపు బిగించడానికి ఆ తరువాత ఏ వడ్రంగీ ఒప్పుకోలేదు. బతికినంతకాలం ఆయన గుమ్మానికి గోనెపట్టా కట్టుకునే పడుకున్నాడు.

ఆ రథమే ఇప్పటికీ దిగుతోంది. దాని పలకలకు తలుపు బందుల చిల్లులు భక్తులు చూడవచ్చు. ఏడేళ్లకోసారి కొత్త ఇరుసు కోసం గుడి ముందు కోత జరుగుతుంది. ఇప్పుడు ట్రాక్టరు వెనక కట్టిన కోతమిషను దుంగ దగ్గరికే వస్తుంది. నియమం మాత్రం మారలేదు. గవరయ్య వంశంవారు మొదలు కడిగి, అందరికీ చూపించాకే మిషను ఆడాలి.

కిందటి కోతనాడు ఇరుసు దాతగారు తొందరపడ్డారు. "ముహూర్తం దాటుతోందమ్మా, నాలుగు చుక్కలు చల్లేయ్" అన్నారు. ఆ వంశపు ఆడపడుచు పైడితల్లి కడవ దించలేదు.

"చల్లితే తడుస్తుంది బాబూ. కడిగితేనే తెలుస్తుంది."

తొమ్మిది కడవలు పోసి కడిగింది. కర్ర నిగనిగలాడుతూ చేవతో ఉంది.

"చూశావా, ఏమీ లేదుగా!" అన్నారు దాతగారు.

"లేదని ఇప్పుడు తెలిసింది కదా. కోయించండి."

ఆ కోతలో రాలిన మొదటి పొట్టునే ఇక్కడ ప్రసాదంగా నుదుట పెడతారు. ఇల్లు కట్టేవారు, పడవ చేయించేవారు దాన్ని తీసుకెళ్తే తమ కర్రకు చెదపురుగు పట్టదని నమ్మకం. అయితే కడవ మోయకుండా పొట్టు అడిగేవారికి ఇవ్వరు. గెడ్డ నుంచి ఒక్క కడవ నీళ్లు తెచ్చి దుంగ మొదలు దగ్గర పోయండి. మొక్కడం ఆ తరువాత.