తెల్లకంచం కొలువు

ఒకానొక రాజ్యంలో శంఖపాలుడనే రాజుగారు ఉండేవారు. ఆయనకు తెలుపంటే ప్రాణం. తెల్లబట్టలు, తెల్లగుర్రం, తెల్లమేడ. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు.

రాజవైద్యుడు పుండరీకయ్య ఆ తెలుపును కంచంలోకి తెచ్చాడు. "రంగున్న తిండి మట్టి పిసుక్కునే వాళ్ళది ప్రభూ! తమరి పంక్తిలో తెల్లనిదే వడ్డించాలి," అన్నాడు.

దాంతో కోటలోకి ఆకుకూర రాలేదు. గుమ్మడిపండు, మామిడిపండు గుమ్మం దాటలేదు. మీగడలో పసుపు ఛాయ కనబడిందని మీగడ తీయించారు. నెయ్యి పచ్చగా ఉందని నెయ్యీ మాన్పించారు. కోడిగుడ్డులో పచ్చసొన కుక్కలకు వేసేవారు. ఆ కాలంలో కోటకుక్కలు మాత్రం దివ్యంగా ఉండేవి. రాజుగారి పంక్తిలో కూర్చోవడం గౌరవం గనక కొలువంతా తెల్లన్నం, తెల్లమజ్జిగ మీద బతికింది.

కొంతకాలానికి, పొద్దుగూకితే కొలువులో ఎవరికీ ఏమీ కనిపించకుండా పోయింది. ఎవరి సంగతి వారు దాచుకున్నారు. సేనాపతి స్తంభం పట్టుకుని నిలబడి "ఈ చెక్కడం ఎంత బాగుంది!" అనేవాడు. రోజూ అదే స్తంభం. మంత్రి తన భార్య చెయ్యి పట్టుకుని కోట గుమ్మం దాకా వచ్చేవాడు. ఈ వయసులో ఎంత ప్రేమోనని ఊరి ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు.

రాజుగారు మాత్రం దాచుకోలేదు. తన కళ్ళలో లోపం ఉండవచ్చని ఆయనకు తోచనే లేదు. "దీపాలు మసకగా ఉన్నాయి. నూనె కాజేస్తున్నారు," అన్నారు. దీపాలవాడి కళ్ళు తీయించారు. కొత్తవాణ్ణి పెట్టారు. మసక పోలేదు. వాడి కళ్ళూ తీయించారు. మూడోవాడు ఓబయ్య. మర్నాటి సాయంకాలపు కొలువులో వాడికి తీర్పు.

కొలువులో హాస్యం చెప్పే కేతయ్యకు ఆ రోజు అన్నం దిగలేదు. రోజూ దివిటీ పట్టి తనను ఇంటి దాకా దిగబెట్టేది ఓబయ్యే. అంతకుముందు ఇద్దరికి కళ్ళు పోయిన రోజుల్లోనూ కేతయ్య హాస్యం చెప్పాడు. జనం నవ్వారు కూడా. అది గుర్తొచ్చి తన నోరంటే తనకే రోత పుట్టింది. పొద్దువాలే వేళ చెరసాలకు వెళ్ళాడు.

"అది గోడ అయ్యగారూ, ఇటు రండి," అన్నాడు ఓబయ్య.

"ఈ చీకట్లో ఏం చేస్తున్నావురా?"

"చీకటెక్కడిదయ్యా? గూట్లో దీపముంది గదా. మా ఇంటిది నాగులమ్మ పొన్నగంటి కూర తెచ్చింది. గడ్డిపోచలు ఏరుతున్నా. కాసేపు కళ్ళు మూసుకుని కూడా ఏరాను. రేపట్నుంచి వేళ్ళకు అలవాటవ్వాలి గదా."

కేతయ్య గూటి వైపు చూశాడు. దీపం ఉందని వాడు చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

"రోజూ ఏం తింటార్రా మీరు?"

"కాలవగట్టున ఏది మొలిస్తే అది. తోటకూర, మునగాకు. గుమ్మడిపండు దొరికితే ఆ పూట పండగే. తెల్లన్నం మాకెవరు పెడతారు?"

కేతయ్య చెయ్యి చాచి ఆ ఆకును తడిమి చూశాడు. "లోపం తమ కళ్ళలోనే ఉందని రాజుతో ఎవరూ చెప్పలేదా?"

"మొదటాయన చెప్పాడయ్యా. కళ్ళు తీసేముందు కొరడా దెబ్బలు కూడా కొట్టారు."

నిజం చెప్పేవాడికి అక్కడ దారి లేదు. ఇక మిగిలింది హాస్యగాడి దారి. "మీ మేక తెల్లదే గదూ?" అన్నాడు కేతయ్య. "పుండరీకయ్య మెట్లు కానక జారి, కాలు బెణికి, మూలుగుతూ ఇంట్లో పడున్నాడు. ఆయన పీఠం ఖాళీగా ఉంది."

మర్నాడు కొలువు తీరింది. నాగులమ్మ తెల్లశాలువా కప్పిన మేకను తెచ్చి పీఠమెక్కించి, తోటకూర కట్ట ముందు పెట్టి, పక్కకు తప్పుకుంది. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. తెల్లగా ఏదో కదిలితే ఆ కొలువుకు అది పెద్దమనిషే.

"పుండరీకయ్యా! నూనెదొంగకు కళ్ళు తీయించడం ధర్మమేనా?" అని అడిగారు రాజుగారు.

పీఠం మీద నమిలే చప్పుడు వినిపించింది.

"తాంబూలం ప్రభూ," అన్నాడు మంత్రి, కళ్ళారా చూసినట్టు.

"గడ్డం ఆడిస్తూ ఆలోచిస్తున్నారు," అన్నాడు సేనాపతి.

మేక ఒక్కసారి అరిచింది.

"ధర్మమే అన్నారు!" అని కొలువంతా చప్పట్లు కొట్టింది.

రాజుగారు పొంగిపోయి, తడుముకుంటూ దిగివచ్చి, తన ముత్యాలహారం తీసి ఆ మెడలో వేశారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "పుండరీకయ్యా... ఈ కొమ్ములేమిటి?"

కేతయ్య ఎప్పటి హాస్యపు గొంతుతోనే ముందుకొచ్చాడు.

"ఓబయ్యా, నీకేం కనబడుతోందో చెప్పరా."

"మంత్రిగారు గోడకు దండం పెడుతున్నారయ్యా. సేనాపతిగారి తలపాగా తిరగబడింది. రాజుగారు మా మేకకు హారం వేశారు."

"ఏ వెలుగులో చూశావు?"

"ఈ దీపాల వెలుగులోనే. కళ్ళు జిగేలుమంటున్నాయి."

"ప్రభూ," అన్నాడు కేతయ్య, "ఈ కొలువులో తమరి పంక్తిలో తిన్నవాళ్ళకు చూపు లేదు. ఆకు తిన్న ఓబయ్యకు ఉంది, ఆకు మేసిన మేకకు ఉంది. దీపానికి నూనె ఎలాగో కంటికి ఆ పచ్చదనం, ఆ పసుపు అలాగ. నూనెదొంగ దొరికాడు. తమరి కంచమే."

రాజుగారు పకపకా నవ్వారు. మేకను సన్మానించిన రాజుకు అంతకన్నా గౌరవమైన దారి లేదు. కొలువులో అందరూ ఎవరికి తోచిన దిక్కుకు వాళ్ళు తిరిగి నవ్వారు. ఓబయ్య సంకెళ్ళు ఊడాయి. హారం మేక మెడలోంచి కేతయ్య మెడలోకి వచ్చింది. తెల్లవారేసరికి పుండరీకయ్య రంగుల తిండి మీద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు.

కోటలో పొన్నగంటి కూర, గుమ్మడిపండు పులుసు, పచ్చని నెయ్యి మొదలయ్యాయి. కొన్నాళ్ళకు ఒక సాయంకాలం రాజుగారికి తన సభామండపం గుమ్మం దాకా స్పష్టంగా కనిపించింది. గుమ్మం పక్కన ఇద్దరు మనుషులు ఒకే కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఎవరు వాళ్ళు?"

"ఓబయ్యకు ముందు దీపాలు పెట్టినవాళ్ళు ప్రభూ," అన్నాడు కేతయ్య.

రాజుగారు చూపు తిప్పుకున్నారు. "వాళ్ళకూ పొన్నగంటి కూర పెట్టించు."

"రోజూ పెట్టిస్తూనే ఉన్నాం ప్రభూ," అన్నాడు కేతయ్య. "రుచిగా ఉందంటున్నారు."