కథకుడు చేయని పెళ్లి

నంజుండుడు వాదంలో గెలిచాడు. గెలిచిన నాటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

తుంగభద్ర ఒడ్డున కంబళిస్వామి మఠం ఉండేది. వానాకాలం నాలుగు నెలలూ సన్యాసులు ఊళ్లు తిరగకూడదు కనుక శిష్యులందరూ ఒకే కప్పు కింద గడిపేవారు. ఆ ఏడు నది దాటలేక ఒక కథకుడు కూడా అక్కడే చిక్కుబడ్డాడు. తిన్న తిండికి బదులుగా సాయంత్రాలు కథలు చెప్పేవాడు.

ఒక కథలో కోటను ఏలే చిత్రాంబ, ఆ కోటను ముట్టడించిన భైరవనాయకుడు. ఏళ్ల తరబడి పోరు. చివరికి ఆమె వేసిన బాణానికే అతను పడిపోతాడు. ఆమె కత్తిని కోటలోనే వదిలేసి ఒంటరిగా అతని గుడారానికి వెళ్తుంది. ఇంకో కథలో వీణ మీద పోటీపడే పద్మిని, కేదారుడు. నిండు సభలో ఆమె వీణ తీగ తెగితే, అతను తన వీణ మీద కూడా ఆ తీగను వదులు చేసేసి, మిగిలినవాటితోనే వాయిస్తాడు. రెండింటిలోనూ ప్రేమ అన్న మాట కథకుడు ఎత్తనే లేదు.

ఆ కొరత శిష్యులు తీర్చారు. చిత్రాంబ, భైరవుల జంటే జంట అని సగం మంది. పద్మిని, కేదారుల ముందు అదెంత అని సగం మంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొందరు ఆ జంటలకు పుట్టబోయే పిల్లల దాకా వెళ్లారు. సంసారమే వద్దనుకుని వచ్చినవాళ్లు పరాయివాళ్ల పెళ్లి కోసం గొంతులు చించుకుంటుంటే వంటాయనకు నవ్వాగేది కాదు.

మొదటి పక్షానికి పెద్ద నంజుండుడు. రెండో పక్షానికి పెద్ద చెన్నమల్లు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి మఠంలో ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు పెరిగినవాళ్లు.

"శత్రువుకు తెలిసినంతగా మనం ఇంకెవరికీ తెలియం. యాడ కొడితే పడిపోతామో తెలిసిన మనిషే ప్రేమించగలిగేది," అన్నాడు నంజుండుడు.

"తెలిసి కూడా కొట్టకపోతేనే అది ప్రేమ. కేదారుడు చేసింది అదే కదరా," అన్నాడు చెన్నమల్లు.

అందరూ భళీ అన్నారు. నంజుండుడికి ఒళ్లు మండింది. ఆ మంటలో నోరు జారాడు.

"కన్నతల్లే నిన్ను ఈ మఠం గుమ్మంలో వదిలిపెట్టి, తిరిగి చూడకుండా పాయె. ప్రేమ గురించి నువ్వు చెప్పేదేందిరా?"

ఆ సంగతి చెన్నమల్లు నంజుండుడొక్కడికే చెప్పుకున్నాడు. ఇప్పుడు అందరూ విన్నారు. చెన్నమల్లు నోరు మెదపకుండా లేచి వెళ్లిపోయాడు. నది తగ్గగానే మఠం విడిచి పోతానని వంటాయనతో మాత్రం చెప్పాడు.

కొన్నాళ్లకు వాన వెలిసింది. ఆ ఉదయం రాగులు విసరాలి. మఠంలో తిరగలి పెద్దది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పాలి. ఎప్పుడూ ఆ పని ఈ ఇద్దరిదే. నంజుండుడు వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా ఎవరూ రాలేదు.

కాసేపటికి స్వామి వచ్చి, కంబళి మడిచి పక్కన పెట్టి, ఆ ఖాళీ చోట కూర్చున్నాడు.

"మీరెందుకు సామీ!"

"సంగటి నేనూ తింటా కదప్పా."

తిప్పసాగారు. ముసలి చేతులు. రాయి ఆగి ఆగి కదులుతోంది. నంజుండుడు ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, ఆ రెండు జంటల్లో యేది గొప్పదో మీరన్నా చెప్పండి."

తన జంటే గొప్పదని స్వామి అంటే తను చేసిన తప్పు కొంతైనా తేలికవుతుందని అతని ఆశ.

"నువ్వు గెలిచినావంట కదా," అన్నాడు స్వామి.

"గెలిచినా సామీ."

"నీ మాటకు మల్లు యేమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"పాపం, నీ గుట్టు ఒక్కటీ వానికి తెలియదేమో."

తిరగలి ఆగిపోయింది.

నంజుండుడు చిన్నప్పుడు ఇంట్లో తల్లి కడియాలు దొంగిలించి పారిపోయి వచ్చిన సంగతి చెన్నమల్లుకు తెలుసు. ఇప్పటికీ నిద్రలో అమ్మా అని ఏడుస్తాడనీ తెలుసు. పక్కన పడుకునేవాడు గనుక ఎన్నోసార్లు లేపి నీళ్లిచ్చింది కూడా అతనే. ఆ సాయంత్రం వాటిలో ఒక్కటి బయటపెట్టి ఉంటే నంజుండుడు మళ్లీ తలెత్తుకునేవాడు కాదు.

"అన్నీ తెలుసు సామీ," అన్నాడు. సిగ్గుతో స్వామి మొహం చూడలేకపోయాడు. పిడి వదిలేసి అడిగాడు. "పోయి యేమనాల సామీ వానితో?"

"గుడారంలోకి పోయి చిత్రాంబ యేమనింది?"

"కథలో లేదు సామీ. లోపల కాలు పెట్టిందంతే. ఆడికే ఆపేసినాడు కథకుడు."

"ఆ పైన ఆయనకూ తెలిసుండదు," అంటూ స్వామి పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. "పో. పిండి నేను చూసుకుంటా."

చెన్నమల్లు గదిలో మూట కడుతున్నాడు. అడుగుల చప్పుడుకు తల ఎత్తలేదు. నంజుండుడు గడప దగ్గర నిలబడ్డాడు. ఆ వాదనలో నోటికొచ్చిన మాటల్లో ఇప్పుడు ఒక్కటీ పనికొచ్చేలా లేదు. పెరటి వైపు నుంచి తిరగలి చప్పుడు వినిపిస్తోంది. ఒక చుట్టు తిరుగుతోంది, ఆగుతోంది.

"మల్లూ," అన్నాడు. "సామి ఒక్కరే ఇసురుతున్నారు. ఆయన వల్ల కావడంలే. నా మీద కోపం ఉంచుకునే రా."

చెన్నమల్లు చేతులు ముడి దగ్గర ఆగాయి. ఆ ముడి విప్పలేదు. మూటను గోడకు ఆనించి, లేచాడు.