ఉల్లిపొరల్లో చిక్కుకున్న గంధకం

ఒకప్పుడు ఉల్లిపాయ కోస్తే ఎవరికీ కన్నీళ్లు వచ్చేవి కావు. ఆ రోజుల్లో ఉల్లి ఒట్టి చప్పిడి గడ్డ. పిల్లలు జామకాయలా కొరుక్కుని తినేవారు.

అప్పట్లో గంధకం అనే పసుపుపచ్చ నలుసు సముద్రంలో ఉండేవాడు. సముద్రపు నాచును అవ్వ అని పిలిచేవాడు. ఆ నాచవ్వ ఒడిలో పడుకుని, అలలు ఎటు ఊపితే అటు ఊగుతూ, పగలంతా కునుకు తీసేవాడు. అంతకంటే సుఖం ఎక్కడుంటుంది చెప్పండి?

ఒకరోజు నీటి ఆవిరులు దిగులు ముఖాలతో వచ్చాయి. “అవ్వా, పైకైతే వెళ్తున్నాం గానీ, పట్టుకోవడానికి ఏమీ లేక చెదిరిపోతున్నాం. మబ్బు కట్టడం లేదు. నేల ఎండిపోతోంది.”

నాచవ్వ గంధకాన్ని గాలి చేతిలో పెట్టింది. “వెళ్లిరా నాయనా. వానతో దిగు, ఏటిలో కలువు, మళ్లీ నా దగ్గరికి వచ్చెయ్యి. దారిలో ఎక్కడా ఆగకు.”

ఆవిరులన్నీ వాణ్ణి పట్టుకుని మెత్తని మబ్బు కట్టాయి. అందులో తేలుతూ, కింద మేకలమందలు చీమల బారుల్లా కదలడం చూశాడు. కలో నిజమో వాడికి తెలియలేదు. ఇంతలోనే చినుకై, తౌడమ్మ అనే రైతు ఉల్లిమడిలో పడ్డాడు.

ఏటికి పోబోతుంటే ఉల్లినారు కాళ్లు పట్టుకుంది. “మామా, మాకు రుచీ పచీ లేదు. ఒక్క పూట ఉండవా?”

వాడికి జాలేసింది, ఆగాడు. ఉల్లికి ఘాటు పట్టింది గానీ, వాడి మీద పొర వెనక పొర కప్పేసింది. లోపల చీకటి. అలల చప్పుడు లేదు. ఇక అవ్వను చూడలేనేమోనని వాడు బెంగపెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం తౌడమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఆ ఉల్లిపాయను రెండు చెక్కలుగా కోసింది. గంధకం ఒక్క గెంతులో బయటపడ్డాడు. ఎదురుగా తడితడిగా, ఉప్పుప్పగా రెండు కళ్లు. సముద్రమే అనుకున్నాడు.

“అవ్వా, వచ్చేశాను” అంటూ దూకేశాడు.

తౌడమ్మ కళ్లు భగ్గుమన్నాయి. నీళ్లు జలజలా కారాయి.

“నన్నెవులూ ఏటీ అనలేదు. మరి ఈ ఏడుపేటో” అని మొగుడితో అంటూ, వాగుకు పోయి ముఖం కడుక్కుంది. ఆ నీళ్లతో గంధకం ఏటికి పోయాడు. ఏటినుంచి అవ్వ ఒడికి చేరాడు. కానీ మబ్బు కట్టాల్సి వచ్చినప్పుడల్లా అవ్వ వాణ్ణి మళ్లీ పంపుతూనే ఉంది, ఉల్లినారు ఆపుతూనే ఉంది.

అప్పటినుంచే ఉల్లిపాయ కోసిన ప్రతివారి కళ్లలోనూ నీళ్లు తిరుగుతాయి. మనం తుడుచుకుంటూ విసుక్కుంటాం గానీ, పాపం, అవ్వమీద బెంగతో గంధకం మన కళ్లమీదుగానే ఇంటికి వెళ్తున్నాడు.