నూకాలత్త నడిచిన బాట

అనగనగా అనడానికి నేనున్నాను, ఊఁ అనడానికి మీరున్నారు. ఇక కథకేం లోటు! ఎవరైనా ఊఁ కొట్టడం మానేస్తే నేనూ ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, ఉత్తరం నుంచి ఒక మంచుకొండ దేక్కుంటూ వచ్చిందట. కొండ దేకడమేమిటని అడక్కండి. కథలో దేకుతుంది. దారిలో గుట్టల్ని నూరేసింది, రాళ్ళని పిండి చేసేసింది, అలిసిపోయి ఒకచోట పడుకుంది. ఎండలు ముదిరాక కరిగిపోయింది. పోతూ పోతూ మూడు వదిలింది. నీళ్ళు వదిలింది. నాచు వదిలింది. నడుమ పిడికెడు మెట్ట వదిలింది. నేలంతా పళ్ళెంలా చదును, పళ్ళెం నిండా ఊబి.

ఊబి ఒడ్డున ఒక ఊరు. నడుమ మెట్ట మీద ఇంకో ఊరు. మెట్ట మీద పొయ్యి రాజేస్తే ఒడ్డువాళ్ళకి పొగ కనిపిస్తుంది. వెళ్దామంటే మాత్రం దారి లేదు. నాచులో పడవ కదలదు, కాలు పెడితే దిగిపోతుంది. మెట్టవాళ్ళు బల్లచెక్క మీద బోర్లా పడుకుని, చేతులతో తోసుకుంటూ వచ్చేవాళ్ళు. ఒడ్డు చేరేసరికి కళ్ళు తప్ప ఒళ్ళంతా బురదే. అలాంటి ఊరికి చుట్టపుచూపుగా ఎవరు వెళ్తారు చెప్పండి!

ఒడ్డు ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. తుంగచాపలు అల్లుకుని బతికేది. మొగుడు లేడు, ఒక్కతే కూతురు పైడమ్మ. నూకాలుది భారీ ఒళ్ళు. ఆవిడ అరుగు మీద కూర్చుంటే పక్కవాళ్ళు లేచి నిలబడాల్సిందే. పక్కింటి గవరయ్య పుల్లలాంటి మనిషి. రోజూ వెక్కిరించేవాడు.

"నూకాలత్తా, మెల్లగా నడు! ఊరు ఒరిగిపోతుంది!"

"ఒరిగితే ముందు జారిపోయేది నువ్వేరా, నీ బరువెంత!" అనేది ఆవిడ.

పైడమ్మ మెట్ట ఊరి సింహాద్రిని మనువాడింది. బల్లచెక్క మీద బోర్లా పడుకుని కాపురానికి వెళ్ళింది. నవ్వకండే, పాపం, కొత్త పెళ్ళికూతురు! కొన్నాళ్ళకి నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా. కానీ నిండు కడుపుతో బోర్లా ఎలా పడుకుంటుంది?

సింహాద్రి బురద ఓడుతూ వచ్చాడు. "అత్తా, అది రాలేదు. నువ్వే రావాలి. నువ్వు చెయ్యి పట్టుకోకపోతే కననంటే కననని ఒకటే ఏడుపు."

నూకాలు బల్లచెక్క ఎక్కింది. చెక్క బుడుంగున మునిగింది. ఊళ్ళోవాళ్ళంతా తాడేసి లాగితే బయటపడింది. ఒడ్డున కూలబడి, "ఈ పాడు ఒళ్ళు నన్ను నా బిడ్డకి దూరం చేసింది" అని గుండె పగిలేలా ఏడ్చింది.

ఏడ్చి, ముక్కు చీదుకుని, లేచింది. చాప తెచ్చి ఊబి మీద పరిచింది. కాలు పెట్టింది. ఊబి ఏమంది? గుటుక్కుమంది. చాప మీద చాప వేసింది. కాలు పెట్టింది. ఊబి ఏమంది? గుటుక్కుమంది. ఇంట్లో చాపలన్నీ అయిపోయాయి.

అంతలో అమ్మలక్కలు పళ్ళేలతో వచ్చారు. ఒకామె చలిమిడి తెచ్చింది, ఒకామె పసుపు తెచ్చింది, ఒకామె గాజులు తెచ్చింది. "కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదు వదినా. ఎలా వెళ్తావో గానీ, ఇవి పట్టుకెళ్ళు" అన్నారు.

నూకాలు పళ్ళేలకేసి చూసింది. ఊబికేసి చూసింది.

"ఒసేయ్! పిల్ల దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళం. ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళం. గుడికి వెళ్ళం. మరి ఈ ఊబితల్లి దగ్గరికి తరతరాలుగా వట్టి చేతులతోనే పోతున్నామే! ఆకలితో అది మన కాళ్ళు పట్టుకోక ఏం చేస్తుంది? మీ చలిమిడి నేను తింటాను గానీ, తలా ఒక మోపు కంప తెండి. ముందు దాని కడుపు నింపుదాం!"

నవ్వుతూనే తెచ్చారు. అడుగున కంప, దాని మీద అడ్డంగా తుంగమోపులు, పైన కొత్త చాపలు. గవరయ్య చకచకా నడిచొచ్చి, "అయిపోయింది అత్తా, బాట!" అన్నాడు.

"నువ్వు నడిస్తే ఏం లెక్కరా, కాకి కూడా నడుస్తుంది. నేను నడిస్తేనే బాట."

ఆవిడ కాలు పెట్టింది. ఊబి ఏమంది? కిక్కురుమనలేదు!

ఇక రోజూ అదే పని. వేసినంత మేర ఆవిడే ముందు నడిచేది. ఎక్కడ కాలు దిగితే అక్కడ ఇంకో మోపు. అవతల నుంచి మెట్టవాళ్ళూ వేసుకొచ్చారు. బారెడు దూరం మిగిలిందనగా పైడమ్మ కేక వినిపించింది. నొప్పులు! చూస్తే ఒక్క మోపూ లేదు. గవరయ్య ఊళ్ళోకి పరిగెత్తి, తన నులకమంచం నెత్తిన పెట్టుకొచ్చాడు.

"ఇది వేసెయ్యత్తా!"

"నువ్వెక్కడ పడుకుంటావురా?"

"నీ అరుగు మీద! నువ్వు లేచినప్పుడు చోటు మిగులుతుందిగా!"

మంచం కిర్రుమంది గానీ మునగలేదు. నూకాలు వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, అచ్చం అమ్మమ్మే.

ఆ తర్వాత మెట్టకి చుట్టాలే చుట్టాలు. పొయ్యి ఆరితే ఒట్టు! నూకాలు చాలాకాలం బతికి, ఒకనాడు చల్లగా వెళ్ళిపోయింది.

ఆ ఏడు వానలు వెలిశాక, మెత్తబడ్డ బాట మీద అందరూ కొత్తగా కంప వేశారు. వేసి నిలబడిపోయారు. నడిచి చూసి, బాగుందని చెప్పే మనిషి ఏదీ? ఎవ్వరూ కాలు కదపలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని కళ్ళు తుడుచుకున్నారు.

లావని ఎవరైనా నవ్వుతారేమోనని నూకాలు మనవరాలు అందరి వెనకా నక్కి నిలబడింది. ముసలి గవరయ్య చూశాడు. "ఏమే, దాక్కుంటావేం? మీ అమ్మమ్మ ఒళ్ళు నీకొచ్చింది. మాకెవరికీ ఆ అదృష్టం లేదు. రా తల్లీ, నువ్వు నడిస్తేనే బాట" అన్నాడు. పిల్ల తలెత్తుకుని నడిచింది. బాట నిలిచింది.

ఇప్పటికీ అక్కడ వానలు వెలిశాక ఊళ్ళో అందరికంటే లావైన మనిషికి దండ వేసి, డప్పులు కొట్టి, బాట మీద ముందు నడిపిస్తారు. అక్కడ లావని ఎవరినీ వెక్కిరించరు. బక్కపిల్లల్ని మాత్రం, "ఇంకో ముద్ద తినవే, నీకెప్పుడు వేస్తారే దండ!" అని తల్లులు కసురుతారు. ఇచ్చిన మాట గట్టిదని చెప్పాలంటే, "దీని మీద నూకాలత్త నడిచింది" అంటారు. ఆ ఊరు చూడటానికి మీరు వెళ్ళినా సరే, మోపు కంప పట్టుకెళ్ళాలి. బాట మొదట్లో పడేసి, "నూకాలత్తా, వట్టి చేతులతో రాలేదు" అనాలి.

కథ ఊబి దాటింది. మీరు గడప దాటి ఇళ్ళకి పదండి. వెళ్తూ గిన్నెలో మిగిలిన ముద్ద తినేసి పొండి, ఎప్పటికైనా పనికొస్తుంది.